కాసల్స్ చెయ్యి, కాసల్స్ చెవి

పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో సెల్లో నేర్చుకునే పిల్లవాడి చంకలో ఒక పుస్తకం పెట్టేవారు. కమాను లాగుతున్నంతసేపూ ఆ పుస్తకం జారి కింద పడకూడదు. పడిందంటే మోచెయ్యి ఒంటికి దూరం జరిగిందన్నమాట, అది తప్పు. ముంజెయ్యి ఆడితే చాలు, భుజానికి పని లేదనేది అప్పటి పద్ధతి. ఎడమచేతికీ అలాంటి కట్టుబాటే. స్వరం మారాలంటే చెయ్యంతా తీగ వెంబడి పైకో కిందికో జరగాలి. జరిగినప్పుడల్లా ఒక జారుడు శబ్దం. వినేవాళ్ళు కూడా సెల్లో అంటే ఇంతేననుకుని సర్దుకుపోయేవారు.

1888లో బార్సిలోనా మునిసిపల్ సంగీత పాఠశాలలో చేరిన పదకొండేళ్ళ కుర్రవాడికి ఇదంతా నచ్చలేదు. మాస్టారు జోసెప్ గార్సియా అంటే వాడికి గౌరవమే. అసలు సెల్లో అనే వాద్యాన్ని వాడు మొదటిసారి విన్నది ఆయన చేతిమీదే. అయినా గదిలోకి వెళ్ళి ఒంటరిగా సాధన చేసుకునేటప్పుడు పుస్తకం తీసి పక్కన పెట్టేశాడు. మోచెయ్యి వదులు చేశాడు. వేళ్ళు సాగదీసి, చెయ్యి కదపకుండానే ఇంకో స్వరం అందుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారు మొదట అభ్యంతరం చెప్పినా, ఫలితం వినిపించాక కాదనలేకపోయారు. ఆ కుర్రవాడే పావ్ కాసల్స్. లోకం ఆయన్ని స్పానిష్ పేరుతో పాబ్లో కాసల్స్ అని పిలిచింది. కానీ ఆయన కాటలన్ జాతివాడు, ఆ సంగతి జీవితాంతం గట్టిగా చెప్పుకున్నవాడు.

కాసల్స్ గురించి రాసేవాళ్ళు సాధారణంగా రెండు విషయాలు చెబుతారు. స్వరకర్త బాఖ్ సెల్లో సూట్లను (నాట్యగతుల మాలలను) ప్రపంచానికి పరిచయం చేశారన్నది ఒకటి. స్పెయిన్ నియంత ఫ్రాంకోకి తల వంచకుండా ప్రవాసంలో బతికారన్నది రెండోది. రెండూ నిజమే. కానీ ఆయన పనితనం ఈ రెండు మాటలలో ఇమడదు. రికార్డులు పదేపదే విన్నవాడిగా నాకు తోచేది ఇది: కాసల్స్ అందరికంటే గొప్ప సోలో వాద్యకారుడు కావడానికి కారణం, ఆయన ముందుగా నలుగురితో కూర్చుని వాయించడం నేర్చుకోవడమే. పక్కవాడి స్వరం విన్న చెవితోనే ఆయన తన స్వరాన్నీ విన్నారు. ఒంటరిగా బాఖ్ వాయిస్తున్నప్పుడూ ఆ చెవి పని మానలేదు.

పన్నెండేళ్ళ వయసుకే ఆయన ఒక ముగ్గురి బృందంలో ఉన్నారు. అదేమీ పెద్ద వేదిక కాదు. బార్సిలోనా గ్రాసియా పేటలో కఫే టోస్ట్ అనే కాఫీ హోటల్లో వచ్చేపోయేవాళ్ళ కోసం రోజూ సాయంత్రం వాయించడం. స్వరకర్త ఆల్బేనిజ్ అక్కడే ఆ కుర్రవాణ్ణి విని, మాడ్రిడ్‌లో రాజాస్థాన సలహాదారు కౌంట్ మోర్ఫీకి ఉత్తరం రాసిచ్చారు. ఆ ఉత్తరం పుణ్యాన మాడ్రిడ్ చేరిన కాసల్స్‌కి రాణి మరియా క్రిస్టినా ఆదరణ దొరికింది. అంతకంటే విలువైనది ఇంకొకటి దొరికింది, హేసుస్ దె మొనాస్తేరియో శిష్యరికం. మొనాస్తేరియో సెల్లో మాస్టారు కాదు, వయొలిన్ విద్వాంసుడు. కన్సర్వేటరీలో ఛాంబర్ సంగీతం నేర్పేవారు. శ్రుతి పట్ల నిక్కచ్చితనం, ఊనిక ఎక్కడ పడాలన్న వివేకం తనకు ఆయన దగ్గరే అబ్బాయని కాసల్స్ తర్వాత కృతజ్ఞతతో చెప్పుకున్నారు. సెల్లో చరిత్రలో అంత పెద్ద మార్పు తెచ్చిన మనిషికి అసలైన పాఠం సెల్లో గదిలో కాక ఛాంబర్ సంగీతపు గదిలో దొరకడం నాకు యాదృచ్ఛికమనిపించదు.

ఛాంబర్ సంగీతమంటే కొత్తవారికి ఒక మాట. ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా కూర్చుని, కండక్టరు లేకుండా, ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరే వాయించే సంగీతం ఇది. మన కచేరీలో పక్కవాద్యం గాయకుణ్ణి అనుసరిస్తుంది. ఇక్కడ ఎవరూ పక్కవాద్యం కారు. ఒక పాట ఇప్పుడు పియానోలో ఉంటే మరుక్షణం సెల్లోలో ఉంటుంది. దాన్ని అందుకున్నవాడు, అంతకు ముందున్నవాడు ఎక్కడ ఎలా విడిచిపెట్టాడో విని ఉండాలి. వినకపోతే అతుకు కనిపిస్తుంది.

ఇక చేతి పనికి వద్దాం. సెల్లో తీగ పొడవు సుమారు 70 సెంటీమీటర్లు. వయొలిన్ తీగకి రెట్టింపు పైమాట. అందుకని స్వరాల మధ్య దూరం కూడా ఎక్కువ. వయొలిన్ మీద నాలుగు వేళ్ళతో అలవోకగా అందేది, సెల్లో మీద చెయ్యి జరిపితే గాని అందదు. అలా జరిపిన ప్రతిసారీ వాక్యం మధ్యలో ఊపిరి తెగినట్టవుతుంది. కాసల్స్ చేసింది వేళ్ళ మధ్య ఎడాన్ని పెంచడం. చూపుడువేలు వెనక్కి సాగుతుంది, చిటికెనవేలు ముందుకు సాగుతుంది, చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జరగక తప్పనప్పుడు చప్పుడు లేకుండా, వాక్యం విరిగే చోట జరుగుతుంది. అంతమాత్రాన ఆయన జారుడును మొత్తం వదిలేశారనుకోకండి. పాట దాన్ని కోరినచోట, ఒక స్వరం మరో స్వరంలోకి ఒరగవలసిన చోట, మనసారా జార్చేవారు. తేడా ఏమిటంటే, అంతకుముందు జారుడు చేతి అవసరం. కాసల్స్ దగ్గర అది సంగీతం అవసరం.

ఇంకో చిన్న పని ఉంది, రికార్డు దగ్గరగా వింటే తెలుస్తుంది. ఆరోహణలో వేలు తీగమీద పడేటప్పుడు దానంతట అదే కొంత స్పష్టత వస్తుంది, చిన్న సుత్తి తగిలినట్టు. అవరోహణలో వేలు లేస్తుంది కాబట్టి ఆ స్పష్టత పోతుంది, స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకని కాసల్స్ వేలు ఎత్తేటప్పుడు తీగను కొద్దిగా మీటి వదిలేవారు. కమాను నడుస్తూనే ఉంటుంది గనుక ఆ మీటు విడిగా వినిపించదు. కానీ దిగివచ్చే స్వరాలు ఎక్కే స్వరాలంత తేటగా పలుకుతాయి. ఎంత వేగంలోనైనా ఆయన వాయింపులో మాటలు అర్థమైనట్టుంటుందని చాలామంది అంటారు. అందులో సగం ఈ మీటుదే.

కుడిచెయ్యి సంగతి ఇంకా లోతైనది. ఒక స్వరాన్ని మొదలుపెట్టిన బలంతోనే చివరిదాకా పట్టి ఉంచడం ఆయనకు సుతరామూ ఇష్టముండేది కాదు. గుడిగంట కొడితే నాదం పుట్టీ పుట్టగానే తగ్గడం మొదలవుతుంది కదా, స్వరానికీ అదే సహజమని ఆయన నేర్పేవారు. పుట్టుకలో స్పష్టత, ఆపైన క్రమంగా తగ్గుదల. ఈ తగ్గుదల వల్ల తర్వాతి స్వరానికి చోటు ఏర్పడుతుంది. అలాగే ఒకే స్వరం రెండుసార్లు వస్తే రెండూ ఒకేలా ఉండకూడదు. పొడుగు స్వరమైతే అది పెరుగుతూనో తరుగుతూనో ఎటో ఒకవైపు వెళ్ళాలి, ఊరికే నిలబడకూడదు. కంపనం కూడా అంతే, కొన్నిచోట్ల విస్తారంగా, కొన్నిచోట్ల సన్నగా, కొన్నిచోట్ల అసలే లేకుండా. ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్న సూత్రాలు. కానీ ఒక గంట కచేరీలో వచ్చే వేల స్వరాలలో ప్రతిదానికీ ఈ నిర్ణయం తీసుకోవడమంటే ఎంత పని!

శ్రుతి దగ్గర మన శ్రోతలకు ఆయన బాగా దగ్గరవుతారని నా నమ్మకం. పియానోలో ఒక స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి బిగించేస్తారు. దాన్ని వాయించేవాడు మార్చలేడు. సెల్లోకి మెట్లు లేవు, వేలు ఎక్కడ పెడితే అక్కడే స్వరం. అప్పట్లో చాలామంది పియానో స్వరాన్నే ప్రమాణంగా పెట్టుకుని వేలు పెట్టేవారు. కాసల్స్ ఒప్పుకోలేదు. షడ్జానికి ముందు వచ్చే నిషాదం షడ్జం వైపు లాగుతూ ఉండాలి, దానికి కాస్త దగ్గరగా పలకాలి, లేకపోతే ఆ స్వరం ఎటు వెళ్తోందో చెవికి తెలియదన్నారు. శంకరాభరణంలో కాకలి నిషాదం షడ్జాన్ని ఆనుకుని పలకడం విన్నవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. పాశ్చాత్య వాద్యకారులకు మాత్రం ఆయన ఏళ్ళ తరబడి చెప్పాల్సివచ్చింది. పక్కన పియానో ఉంటే ఆ స్వరం దానితో పిసరంత తేడాగా వినిపించవచ్చు, భయపడకండి అనేవారు. శ్రుతి ఆయనకు చెవికి మాత్రమే కాదు, మనస్సాక్షికి సంబంధించిన విషయం.

ఇప్పుడు బాఖ్. 1890లో, పదమూడేళ్ళ వయసులో, తండ్రి కార్లెస్‌తో కలిసి బార్సిలోనా రేవు దగ్గర పాత సంగీత పుస్తకాల అంగడిలో కఫేకి పనికొచ్చే పాటలు వెతుకుతుంటే, బాఖ్ రాసిన ఆరు సూట్ల ప్రతి ఆయన చేతికి తగిలింది. ఎల్ వెండ్రెల్ అనే చిన్న ఊళ్ళో చర్చి ఆర్గాన్ వాయించే తండ్రి, కొడుక్కి మొదటి పూర్తి సైజు సెల్లో కొనిచ్చింది కూడా ఆ ప్రాంతంలోనే. ఆ సూట్లు లోకానికి తెలియనివి కావు. అచ్చయ్యే ఉన్నాయి. కానీ వాటిని సాధన పాఠాలుగానే చూసేవారు. కచేరీలో వాయించినా ఒక భాగం, రెండు భాగాలు, అదీ పియానో చేర్చి. కాసల్స్ పన్నెండేళ్ళపాటు వాటిని ఇంట్లోనే సాధన చేశారు. ఆ తర్వాతే ఒక సూట్‌ని మొదటినుంచి చివరిదాకా, పునరావృతులతో సహా, పియానో తోడు లేకుండా జనం ముందు వాయించారు. ఇరవై ఐదు దాటేదాకా ఆగిన ఆ ఓపికను నేను ఆయన ప్రతిభలో భాగంగానే లెక్కవేస్తాను.

మొదటి సూట్‌లోని ప్రెల్యూడ్‌ని (ప్రారంభ భాగాన్ని) దగ్గరగా చూద్దాం. జి మేజర్, మన లెక్కలో శంకరాభరణం స్వరాలు. మొత్తం 42 బార్లు (తాళ విభాగాలు). మొదటినుంచి దాదాపు చివరిదాకా ఒకే కొలత స్వరాలు వరసగా నడుస్తాయి, బారుకి పదహారు. బాఖ్ స్వహస్తప్రతి దొరకలేదు. భార్య ఆన్నా మగ్దలేనా రాసిన నకలులో బిగ్గరగా, మెల్లగా అన్న సూచనలు దాదాపు లేవు. అంటే కాగితం మీద కనిపించేది సమానమైన స్వరాల వరస. అలాగే వాయిస్తే చేతి కసరత్తు అవుతుంది. 1938 జూన్‌లో పారిస్‌లో చేసిన రికార్డులో కాసల్స్ ఏం చేశారో వినండి. ప్రతి బారు మొదట్లో వచ్చే అట్టడుగు స్వరాన్ని ఒక్క క్షణం ఆనుకుంటారు. అది మంద్రంలో ఒక మనిషి. ఆపైన ఎగిరే స్వరాలను తేలిక చేస్తారు. వాటి శిఖరాన ఉన్న స్వరానికి మరో రకం వెలుతురు ఇస్తారు. అది తారంలో ఇంకో మనిషి. మధ్యలో కదిలేది మూడో గొంతు. సగం దాటాక ఒక స్వరం మీద ఆగే చోటుంది. అక్కడినుంచి మళ్ళీ మొదలయ్యేది సందేహిస్తూ, వెతుక్కుంటూ మొదలవుతుంది. చివర్లో మెట్టు మెట్టుగా పైకి ఎక్కేటప్పుడు కింద పట్టి ఉంచిన స్వరాన్ని వదలరు. తీగలు నాలుగే, కమాను ఒక్కటే. వినిపించేది ముగ్గురి సంభాషణ. ఛాంబర్ సంగీతపు చెవి ఒంటరి వాద్యంలో పనిచేయడమంటే ఇదే.

అయిదో సూట్‌లోని సరబాండ్ దీనికి పూర్తిగా భిన్నం. ఇందులో ఒక్కచోట కూడా రెండు స్వరాలు కలిపి పలకవు. ఒకే గీత, నెమ్మదిగా, పెద్ద పెద్ద అంగలు వేస్తూ దిగుతుంది. ఇక్కడ ఇతర గొంతులను కల్పించడానికి ఆధారమే లేదు. ఆయన ఇక్కడ తగ్గుదల సూత్రాన్ని నమ్ముకున్నారు. ప్రతి స్వరం పలికి, తగ్గి, ఆ తగ్గుదలలోంచే తర్వాతిది పుడుతుంది. నాలుగు, అయిదు సూట్లు రికార్డు చేసింది 1939 జూన్‌లో. అప్పటికి అయిదు నెలల క్రితమే, జనవరి 26న, బార్సిలోనా ఫ్రాంకో సైన్యం వశమైపోయింది. కాసల్స్‌కి ఇల్లు లేదు, ఊరు లేదు. ఆ దుఃఖం ఆ రికార్డులో ఉందని చెప్పడం తేలిక. నాకు మాత్రం అందులో ముందుగా వినిపించేది క్రమశిక్షణ. చెయ్యి వణికేంత బాధలోనూ కొలత తప్పని కమాను.

ఆరు సూట్లూ ఒక్కసారిగా రికార్డు కాలేదన్నది గమనించాలి. 1936 నవంబరులో లండన్ ఆబీ రోడ్‌లో రెండూ మూడూ, 1938లో పారిస్‌లో ఒకటీ ఆరూ, 1939లో మిగతావి. చివరి రికార్డు ముగిసేనాటికి ఆయన వయసు 62. తన వాయింపును శాశ్వతం చేయడానికి ఆయన తొందరపడలేదు.

ఇక కాసల్స్ వాయించిన మరో ముగ్గురి బృందం (ట్రయో). వయొలిన్ జాక్ తిబో, పియానో ఆల్ఫ్రెడ్ కోర్తో, సెల్లో కాసల్స్. 1905 ప్రాంతంలో పారిస్‌లో సరదాగా మొదలై దాదాపు మూడు దశాబ్దాలు నడిచింది. అప్పటికే ముగ్గురూ విడివిడిగా పేరున్నవాళ్ళు. కాసల్స్ 1899లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో వాయించి, విక్టోరియా రాణి ముందు వాయించి, అదే ఏడాది పారిస్‌లో లామురో ఆర్కెస్ట్రాతో లాలో కంచర్టో వాయించి ఒక్క ఊపున పైకి వచ్చినవారు. అలాంటి ముగ్గురు ఏటా కొన్ని వారాలు తమ సోలో కచేరీలు పక్కనపెట్టి కూడి వాయించేవారు.

వాళ్ళ స్వభావాలు ఏమాత్రం కలవవు. తిబో వయొలిన్ సొగసుగాడు, జారుళ్ళంటే ప్రాణం. కోర్తో కలలు కనే మనిషి, లయను సాగదీస్తారు, అప్పుడప్పుడు తప్పు మీట కూడా నొక్కుతారు. కాసల్స్ అడుగున ఉండి ఇద్దరినీ నిలబెట్టే లంగరు. 1926లో లండన్‌లో రికార్డు చేసిన షూబర్ట్ బి ఫ్లాట్ ట్రయోలో రెండో భాగం వినండి. పియానో ఊయల ఊపుతున్నట్టు మొదలుపెడుతుంది. ఆపైన సెల్లో పాట అందుకుంటుంది. కాసల్స్ పాట పాడి ముగించగానే అదే పాట తిబో వయొలిన్‌లోకి వెళ్తుంది. ఇక్కడే చూడాలి. పాట చేజారిన మరుక్షణం కాసల్స్ తన నాదాన్ని సగానికి సగం తగ్గించి, వయొలిన్ కిందుగా ఒక ప్రతిగీతం నేయడం మొదలుపెడతారు. పాట తనదైనప్పుడు ఎంత శ్రద్ధో, పాట ఎదుటివాడిదైనప్పుడూ అంతే శ్రద్ధ. పైగా తిబో ఏ స్వరం దగ్గర ఆలస్యం చేశారో ఆ స్వరం దగ్గరే ఆయనా ఆగుతారు. బేతోవెన్ ఆర్చ్‌డ్యూక్ ట్రయో 1928 రికార్డులో మూడో వ్యక్తి పాత్ర ఇంకా బాగా తెలుస్తుంది. స్కెర్ట్సో భాగం సెల్లో ఒక్కటే మొదలుపెట్టాలి. మామూలు ఆరోహణలా కనిపించే స్వరాలవి. వాటికి ఆయన ఇచ్చిన ఊనికతోనే ఆ భాగం నడకంతా నిర్ణయమైపోతుంది, మిగతా ఇద్దరూ అందులోకి నడిచివస్తారు.

ఈ సహజీవనం తర్వాత నిలవలేదు. రెండో ప్రపంచయుద్ధంలో కోర్తో నాజీలతో చేతులు కలిపిన ఫ్రాన్స్ విషీ ప్రభుత్వానికి పనిచేయడం కాసల్స్‌ని బాగా గాయపరిచింది. చాలా ఏళ్ళ తర్వాత, 1958లో, ఇద్దరూ మళ్ళీ ఫ్రాన్స్ సరిహద్దు ఊరు ప్రాడ్‌లో ఒకే వేదిక మీద కూర్చుని వాయించారు. తిబో అప్పటికి లేరు, 1953లో విమాన ప్రమాదంలో పోయారు.

ఆర్కెస్ట్రా ముందు సోలోగా కూర్చున్నప్పుడు కాసల్స్ ఏం చేసేవారో తెలియాలంటే ద్వోర్‌జాక్ కంచర్టో వినాలి. 1937 ఏప్రిల్‌లో ప్రాగ్‌లో, జార్జ్ సెల్ నడిపిన చెక్ ఫిల్‌హార్మనిక్‌తో చేసిన రికార్డు. దాని తర్వాత ఈ కంచర్టో మీద పదుల రికార్డులు వచ్చాయి. సెల్లో విద్వాంసుల్లో రోస్త్రోపోవిచ్ నాదం ఇంతకంటే పెద్దది. ఫోయర్‌మాన్ వేళ్ళు ఇంతకంటే నునుపు. అయినా దీన్నే నేను మొదట పెడతాను. సుదీర్ఘమైన ఆర్కెస్ట్రా ప్రస్తావన తర్వాత సెల్లో ప్రవేశించే చోట, అప్పటికప్పుడు కల్పించినట్టు వాయించమని స్వరకర్త సూచన. కాసల్స్ ఆ మాటను అక్షరాలా పాటించారు, తలుపు తోసుకుని వచ్చినట్టుంటుంది. ఆర్కెస్ట్రాలో హార్న్ వాయించిన రెండో పాటను తన వంతు వచ్చినప్పుడు ఆయన ఆ హార్న్ జ్ఞాపకంతోనే అందుకుంటారు. ఇక చివరి భాగం చివర్లో, ద్వోర్‌జాక్ భార్య అక్క యోసెఫీనా 1895లో చనిపోయాక ఆమె జ్ఞాపకార్థం కలిపిన పుటలున్నాయి. అక్కడ ఆర్కెస్ట్రాలోని ఒక్క వయొలిన్ పైన పాడుతుంది, సోలో సెల్లో దాని పక్కన ఉంటుంది. అది కంచర్టో మధ్యలో పుట్టిన ఛాంబర్ సంగీతం. ఎంతమంది సోలోయిస్టులు అక్కడ కూడా తామే ముందుండాలని చూస్తారో! కాసల్స్ ఒక అడుగు వెనక్కి వేస్తారు.

ఆయనకు హద్దులు లేవని నేననను. సమకాలీన సంగీతం ఆయన మనసుకు ఎక్కలేదు. షోన్‌బర్గ్ 1933లో పాత స్వరకర్త మోన్ కృతిని సెల్లో కంచర్టోగా మలిచి కాసల్స్‌కే అంకితమిస్తే, ఆయన దాన్ని జనం ముందు వాయించలేదు. 1935లో లండన్‌లో మొదట వాయించింది ఫోయర్‌మాన్. బాఖ్ విషయంలోనూ, బరోక్ కాలపు సెల్లో పట్టి తేలిగ్గా నాట్యంలా వాయించిన ఆన్నర్ బిల్స్‌మా లాంటివాళ్ళ తర్వాత కాసల్స్ బరువు కొందరికి ఎక్కువనిపిస్తుంది. ముసలితనపు రికార్డుల్లో శ్రమ వినిపిస్తుంది, మధ్యమధ్య ఆయన మూలుగు కూడా. ఇవన్నీ ఒప్పుకుంటూనే చెబుతున్నాను, బిల్స్‌మా వెతికిన దారి కూడా కాసల్స్ ఆ సూట్లను కచేరీ వేదిక మీదికి తెచ్చారు కాబట్టే ఏర్పడింది.

సోలో కచేరీల మీద వచ్చిన డబ్బు ఆయన ఎక్కడ పెట్టారన్నది కూడా పనితనంలో భాగమే. 1920లో బార్సిలోనాలో తన పేరిట ఆర్కెస్ట్రా నెలకొల్పారు. అది తన కాళ్ళ మీద నిలబడేదాకా ఏళ్ళ తరబడి సొంత సొమ్ముతో నడిపారు. కార్మికుల కోసం ప్రత్యేక కచేరీ సంఘం ఏర్పడింది, నామమాత్రపు చందాతో. బ్రామ్స్ డబుల్ కంచర్టోని 1929లో ఈ ఆర్కెస్ట్రాతోనే రికార్డు చేశారు. కోర్తో కండక్టరు, తిబో, కాసల్స్ సోలోయిస్టులు. పాత ముగ్గురూ పెద్ద ఇంట్లో కూడినట్టుంటుంది. 1936 జులై 18న ఆ ఆర్కెస్ట్రా బేతోవెన్ తొమ్మిదో సింఫనీ రిహార్సల్లో ఉండగా సైనిక తిరుగుబాటు కబురొచ్చింది. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియదు, చివరిదాకా వాయిద్దామా అని అడిగి, వాయించి, వీడ్కోలు చెప్పుకున్నారు.

తర్వాతి కథ తెలిసిందే. ఆ ప్రాడ్‌లోనే ప్రవాసం, శిబిరాల్లోని కాటలన్ శరణార్థులకు సాయం, 1945లో ఇంగ్లండులో ఎల్గర్ కంచర్టో, ఆపైన మిత్రరాజ్యాలు ఫ్రాంకోని కదపవని తేలాక కచేరీలే మానెయ్యడం. బయటికి రాని మనిషి దగ్గరికి 1950లో సంగీతకారులే వెళ్ళారు. బాఖ్ మరణించి 200 ఏళ్ళైన సందర్భం, వయొలిన్ విద్వాంసుడు అలెగ్జాండర్ ష్నైడర్ చొరవ. ఆ ప్రాడ్ ఉత్సవాల్లో 1952లో రికార్డైన షూబర్ట్ క్వింటెట్‌లో (అయిదుగురి కృతిలో) ఐజక్ స్టెర్న్, ష్నైడర్, మిల్టన్ కేటిమ్స్, పోల్ తోర్తలియే తోడుగా 75 ఏళ్ళ కాసల్స్ ఉన్నారు. తనకంటే ముప్పై, నలభై ఏళ్ళు చిన్నవాళ్ళ పక్కన ఎవరికీ అడ్డురాకుండా, ఎవరికీ తగ్గకుండా.

1961 నవంబరు 13న వైట్‌హౌస్‌లో కెన్నెడీ ముందు వాయించినప్పుడు ఆయన ఎంచుకున్నది పెద్ద సోలో కృతి కాదు. ముఖ్యమైన అంశంగా మెండెల్సన్ డి మైనర్ ట్రయో పెట్టుకున్నారు, పియానో మీద హోర్షోవ్‌స్కీ, వయొలిన్ మీద ష్నైడర్. 1904లో అదే భవనంలో థియొడర్ రూజ్వెల్ట్ ముందు వాయించిన మనిషి, 57 ఏళ్ళ తర్వాత, 84 ఏళ్ళ వయసులో, మళ్ళీ ముగ్గురిలో ఒకడిగా కూర్చున్నారు. ఆ కృతిని మొదలుపెట్టాల్సింది సెల్లోనే. నాదం ఎండిపోయింది, చెయ్యి బరువెక్కింది. వాక్యం ఎటు వెళ్ళాలో తెలిసిన తీరు మాత్రం అలాగే ఉంది.

1973 అక్టోబరు 22న పోర్టోరికోలో కన్నుమూసేనాటికి ఆయనకు 96 ఏళ్ళు. చివరి దశాబ్దంలోనూ అమెరికాలోని మార్ల్‌బరోలో వేసవిలో కుర్రవాళ్ళకు నేర్పుతూనే ఉన్నారు. అక్కడా చెప్పిన మాటలు అవే: స్వరం నిలబడిపోకూడదు, రెండు స్వరాలు ఒకటి కాకూడదు, నిషాదం షడ్జం వైపు ఒరగాలి.

వినాలనుకునేవారికి నా సలహా: బాఖ్‌తో మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెట్టి, పాత రికార్డు గరగర, ఒకటే వాద్యం, అరగంట అయ్యేసరికి అలసిపోతారు. ముందు 1928 ఆర్చ్‌డ్యూక్ ట్రయో వినండి, సెల్లో ఒక్కదాన్నే చెవితో వెంబడిస్తూ, ముఖ్యంగా అది పాట పాడనప్పుడు ఏం చేస్తోందో చూస్తూ. తర్వాత ద్వోర్‌జాక్. ఆ రెండూ చెవికి అలవాటయ్యాక మొదటి సూట్ ప్రెల్యూడ్ పెట్టండి, అందులో ముగ్గురు మనుషులు వినిపిస్తారో లేదో మీరే తేల్చుకోండి. ఈ రికార్డులన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో తేలిగ్గానే దొరుకుతున్నాయి.